మా బాపుకు రావలసిన పతకం, వైకల్య పింఛను గురించి సలహా కావాలి

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ జిల్లా పరకాల దగ్గరి పల్లె. మా బాపు ఫిరంగి దళంలో పనిచేసి, 1999లో కార్గిల్ యుద్ధ సమయంలో ద్రాస్ ప్రాంతంలో ఉండి, నాలుగేళ్ల తర్వాత రిటైరయ్యారు. తుపాకుల మోతకు ఆయన వినికిడి దెబ్బతిన్నది. ఇప్పుడు మనవరాలి మాట కూడా ఆయనకు వినబడదు.

విడుదల సమయంలో వైద్య మండలి వైకల్యాన్ని 20 శాతంగా లెక్కగట్టి, అది సైనిక సేవ వల్ల కలిగింది కాదని రాసింది. దాంతో వైకల్య పింఛను రాలేదు. భర్తీ నాటి పరీక్షలో చెవులకు ఏ లోపమూ నమోదు కానప్పుడు, తర్వాత వచ్చిన జబ్బు సేవ వల్లనే కలిగిందని భావించాలని సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది కనుక మాకు ఆశ మిగిలింది. బాపు అప్పట్లో అప్పీలు చేయలేదు. అడగవచ్చునని ఆయనకు చెప్పినవారే లేరు.

ఇన్నేళ్ల ఆలస్యాన్ని మన్నించమని సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచిని నేరుగా కోరవచ్చా, లేక ముందు సైన్యానికే అప్పీలు పంపాలా? వైద్య మండలి పత్రాల నకలు కోసం రెండుసార్లు రాసినా జవాబు రాలేదు. సమాచార హక్కు చట్టం కింద అడిగి పొందినవారు ఉన్నారా?

కార్గిల్ యుద్ధానికి సంబంధించిన ఆపరేషన్ విజయ్ పతకం డిశ్చార్జి పుస్తకంలో నమోదై ఉంది కానీ చేతికి అందలేదు. బాపు పింఛను కంటే దీని గురించే ఎక్కువగా అడుగుతారు. దీనికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టవచ్చా? ఈ దారిలో నడిచిన మాజీ సైనికులు, వారి పిల్లలు దయచేసి చెప్పగలరు.