25 డిగ్రీల వద్ద 9 పాస్కల్స్: భద్రతా నివేదికలో ఏ బాష్ప పీడనం రాయాలి?

ఆవిరిలెక్క:
అణుభారం 300 ప్రాంతంలో ఉన్న, నూనెలా చిక్కగా ఉండే ఒక ద్రవానికి బాష్ప పీడనం (మూసిన పాత్రలో ద్రవంపైన దాని ఆవిరి కలిగించే పీడనం) కొలుస్తున్నాము. మూసిన పాత్రలో గాలి తోడేసి, పీడనం కొలిచే కెపాసిటెన్స్ మానోమీటర్‌తో స్టాటిక్ పద్ధతిలో చూస్తే 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 9 పాస్కల్స్ వస్తోంది. ఇంత బరువైన అణువుకు ఇది ఎక్కువేమో అనిపిస్తోంది. శుద్ధత 99.9 శాతం అని ధ్రువపత్రం ఉంది, తయారీలో వాడిన ద్రావకం టోలుయీన్. ఈ విలువను అలాగే నివేదికలో పెట్టవచ్చా?

తులాదండం:
ఆవిరిలెక్క గారూ, మీ అనుమానం సరైనదే. 25 డిగ్రీల వద్ద శుద్ధ టోలుయీన్ బాష్ప పీడనం సుమారు 3,800 పాస్కల్స్. రౌల్ట్ నియమాన్ని (మిశ్రమంలో ఒక పదార్థపు ఆవిరి పీడనం దాని మోల్ వాటాకు తగ్గట్టు ఉంటుంది) ఉజ్జాయింపుగా వర్తింపజేస్తే, మీ నూనెలో మోల్ లెక్కన (అణువుల సంఖ్యలో) 0.2 శాతం టోలుయీన్ మిగిలి ఉన్నా చాలు, అదొక్కటే ఏడున్నర పాస్కల్స్ చూపిస్తుంది. మీ అణుభారానికి అది బరువులో 0.06 శాతమే కనుక, 99.9 శాతం అన్న ధ్రువపత్రం అబద్ధమూ కాదు, మీకు ఉపయోగపడేదీ కాదు. మానోమీటర్‌కు ఒత్తిడి తెలుస్తుంది గాని, అది ఏ అణువుదో తెలియదు.

నిర్వాతం:
దీన్ని తేల్చుకోవడానికి మేము చేసే పని చెబుతాను. రీడింగ్ నిలకడగా వచ్చాక పైనున్న ఆవిరిని పంపుతో లాగేసి, వాల్వ్ మూసి, మళ్లీ సమతాస్థితి వచ్చే దాకా ఆగుతాము. శుద్ధ పదార్థమైతే ప్రతిసారీ అదే విలువకు తిరిగి వస్తుంది. ద్రావకం మిగిలి ఉంటే విలువ విడతవిడతకూ పడిపోతుంది. ఎక్కడా నిలవకుండా పెరుగుతూనే పోతే లీకేజీనో, పదార్థ విచ్ఛిన్నాన్నో అనుమానించాలి. ఖాళీ పాత్రతోనూ అదే వేగంతో పెరిగితే లీకేజీ. నమూనాను గడ్డకట్టించి, పంపు చేసి, కరిగించే పద్ధతి కరిగి ఉన్న గాలిని తీసేస్తుంది కాని, ద్రావకాన్ని పెద్దగా కదిలించదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

వాహకవాయువు:
నా ఓటు గ్యాస్ శాచురేషన్ పద్ధతికే. రసాయనాల పరీక్షలకు ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన 104వ మార్గదర్శకంలో దీని పరిధి 10⁻¹⁰ నుంచి వెయ్యి పాస్కల్స్ దాకా ఉంది. నమూనా పూసిన గాజు పూసల గుండా నైట్రోజన్‌ను నెమ్మదిగా పంపి, అది మోసుకొచ్చిన పదార్థాన్ని ట్రాప్‌లో పట్టి, మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూపే గ్యాస్ క్రోమటోగ్రాఫ్‌లో కొలుస్తాము. అక్కడ టోలుయీన్ పీక్ (గ్రాఫ్‌లో దాని శిఖరం) వేరు, మీ పదార్థపు పీక్ వేరు కనుక ఒకదాని లెక్క మరొకదానిలో కలవదు. ప్రవాహ వేగాన్ని సగానికి తగ్గించినా ఫలితం మారకపోతేనే వాయువు నిజంగా సంతృప్తమైందని నమ్మాలి. పూసల కాలమ్ నుంచి ట్రాప్ దాకా ఉన్న గొట్టాన్ని వెచ్చగా ఉంచకపోతే ఆవిరి గోడలకే అంటుకుని, ఫలితం తక్కువగా వస్తుంది. భద్రతా నివేదికలో అలాంటి తక్కువ విలువ ఎక్కువ విలువ కన్నా ప్రమాదకరం.

రక్షణకవచం:
భద్రతా అంచనా రాసే మనిషిగా ఒక మాట చెప్పాలి. 9 పాస్కల్స్‌ను వాతావరణ పీడనంతో భాగిస్తే, డ్రమ్ములో ద్రవంపైన దాదాపు 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) ఆవిరి ఉంటుంది. అందులో ఎక్కువ భాగం టోలుయీనే అయినా, మూత తీసే మనిషి పీల్చేది దాన్నే కనుక ఆ అంకెను పారేయకండి. శుద్ధ పదార్థపు విలువ ఒక ప్రశ్నకు జవాబు, సరుకు విలువ మరో ప్రశ్నకు జవాబు. అలాగే, చిన్న అంకె వచ్చిందని నిశ్చింతగా ఉండకూడదు. పాదరసం బాష్ప పీడనం 20 డిగ్రీల వద్ద 0.2 పాస్కల్స్‌కు లోపే, అయినా దానితో సంతృప్తమైన గాలిలో ఘనమీటరుకు సుమారు 13 మిల్లీగ్రాములు ఉంటుంది. ఐరోపా సంఘం పని ప్రదేశాలకు పెట్టిన పరిమితి 0.02 మిల్లీగ్రాములు.

ఆవిరిలెక్క:
అందరికీ కృతజ్ఞతలు. రెండు విలువలనూ వేర్వేరు వరుసల్లో, ఉష్ణోగ్రతతో, పద్ధతి పేరుతో సహా రాస్తాను. శుద్ధ పదార్థానికి 80, 100, 120 డిగ్రీల వద్ద కొలిచి, పీడనపు లాగరిథమ్‌ను పరమ ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీసి, 25 డిగ్రీలకు పొడిగించాలని ఉంది. అయితే 120 వద్ద పదార్థం చెదిరిపోతుందేమోనని సందేహం.

వాహకవాయువు:
ఆ ఉష్ణోగ్రతలో గడిపిన నమూనాను తిరిగి క్రోమటోగ్రాఫ్‌లో నడిపి చూడండి. కొత్త పీక్‌లు కనిపిస్తే ఆ బిందువును రేఖ నుంచి తీసేసి, ఎందుకు తీశారో నివేదికలో రాయండి. దానికి బదులు 60 వద్ద, వాయువును ఎక్కువసేపు పంపి ఒక బిందువు తీసుకోండి. 25కు దగ్గరగా వస్తారు కనుక పొడిగింపు కూడా తగ్గుతుంది.