ఆమె ‘సరే’ అంటే నిజంగా సరే అన్నట్టేనా? స్క్రిప్టు రాసేవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. స్నేహితులం కలిసి చిన్న సినిమా తీస్తున్నాం. ‘ఏ’ సర్టిఫికెట్ వస్తుందని తెలిసే రాశాం, దాపరికం లేదు.

కథ బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో. ఓనరుకు 50 ఏళ్లు, రిసెప్షన్‌లో చేసే అమ్మాయికి 26. ఆమెకు రెండు నెలల జీతం రావాలి. ఒక రాత్రి అతను రూము తాళంచెవిని కౌంటరు మీద పెట్టి ఆమె వైపు జరుపుతాడు. ఆమె కాసేపు రిజిస్టరు కేసి చూసి, ‘సరే సార్’ అంటుంది. ఆ ‘సార్’లోనే కథంతా ఉందనుకున్నా. చదివిన మావాళ్లేమో ‘భలే రొమాన్స్ రా’ అన్నారు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కెమెరా అతని కళ్లతో చూడటం వల్లే ఇలా అవుతోందా? సీను ఆమె వైపు నుంచి తిరగరాస్తే సరిపోతుందా, జీతం సంగతి ముందే చూపించాలా?

ఇంకో టెన్షన్. నటించేది నాటకాలు వేసే అమ్మాయి, మేమిచ్చే డబ్బు ఆమెకు అవసరం. అంటే సెట్లో ఆ ఓనరు నేనే కదా. 1972 నాటి ‘లాస్ట్ టాంగో ఇన్ పారిస్’ సినిమాలో అత్యాచారం సీనులో వెన్న వాడే సంగతి నటి మరియా ష్నైడర్‌కు ముందుగా చెప్పలేదని దర్శకుడు బెర్టొలూచీ 2013లో ఒప్పుకున్నాడు. అది తెలిశాక మరీ భయం.

సంతకం పెట్టాక కూడా మధ్యలో వద్దంటే ఆపేస్తామని ఒప్పందంలో ఎలా రాయాలి? ఇంటిమసీ కోఆర్డినేటర్‌ని (ఇలాంటి సన్నిహిత సీన్లు తీసేటప్పుడు నటుల సమ్మతి, భద్రత చూసుకునే మనిషిని) పెట్టుకున్నవాళ్లుంటే, రోజుకు ఎంత తీసుకుంటారో, తిరుపతి దాకా వస్తారో చెప్పండి. కుదరకపోతే ఆ రోజు సెట్లో ఎవరెవరిని ఉంచాలి?