బాలిలో మెట్లు తక్కువున్న వెదురిల్లు కావాలి, సాయం చేయండి

సంక్రాంతి సెలవుల్లో, జనవరి 10 నుంచి 16 దాకా, హైదరాబాద్ నుంచి బాలి వెళ్తున్నాం. టికెట్లు బుక్ చేసేశాం, బస దగ్గరే ఆగిపోయాం. మేమిద్దరం, పాప, మా అత్తమ్మ. ఆవిడకి 64 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, పది మెట్లు దాటితే కష్టం.

మామూలు హోటల్ వద్దు, అవి మన కొండాపూర్‌లోనే బోలెడున్నాయి. అక్కడి ఉబుద్ అనే ఊరి వైపు మూడు ఇళ్లు చూశాం. మొదటిది లోయలో ఉన్న వెదురిల్లు, ఓనర్ "కొన్ని మెట్లే" అన్నాడు, వీడియో పంపమని ఆపి ఆపి లెక్కపెడితే 46, అదీ పాచి పట్టిన రాళ్లు, పట్టుకోడానికి ఒక పక్కనే కర్ర. రెండోది లుంబుంగ్, అంటే ధాన్యపు కొట్టు ఆకారంలో కట్టింది, మంచం పైన, ఎక్కడానికి నిచ్చెన. మూడోది నేల మీదే ఉంది గానీ రెండు వైపులా గోడల్లేవు. జనవరి అక్కడ వానాకాలం కదా, జల్లు కొడితే పరుపు తడవదా అని అడిగితే దోమతెర ఉందన్నారు! బుకింగ్ యాప్‌లో గ్రౌండ్ ఫ్లోర్ అని ఫిల్టర్ పెడితే మళ్లీ హోటళ్లే వస్తున్నాయి.

జోగ్లో అనే పాత జావా చెక్క ఇళ్లు కూడా అద్దెకిస్తారట, అదైనా పర్లేదు. రాత్రికి 7 వేల దాకా పెట్టగలం.

కారు గుమ్మం దాకా వచ్చే, నాలుగు వైపులా మూసుకునే ఇలాంటి ఇంట్లో పెద్దవాళ్లతో వానల్లో ఉండొచ్చినవాళ్లు, ఉబుద్ చుట్టుపక్కల ఏ ఊళ్లో దిగారో చెప్తారా?