అప్‌డేట్: సిమ్యులేటర్‌కు జీపీఎస్ ఎంపిక పూర్తయింది

ఎక్స్-ప్లేన్ అనే విమాన సిమ్యులేటర్‌లో నడిపే చిన్న విమానం సెస్నా 172 కోసం, గార్మిన్ కంపెనీ విమాన జీపీఎస్‌లలో జీఎన్ఎస్ 530 నమూనా పరికరం కొనాలా, టచ్ తెర ఉన్న జీటీఎన్ 750 నమూనా కొనాలా అని గత నెల అడిగాను. మీలో ఎక్కువమంది చెప్పినట్లే 530 తీసుకున్నాను. లెక్కలన్నీ సిమ్యులేటరే చేస్తుంది కాబట్టి పరికరంలో ఉండేవి తెర, మీటలు, నాబ్‌లే అయినా, ఒకదానిలో ఒకటి ఇమిడిన ఆ రెండు నాబ్‌ల కోసమే దీనిని కొనవచ్చు: చిన్నదాన్ని నొక్కితే కర్సర్ వస్తుంది, తిప్పితే అక్షరం మారుతుంది, పెద్దదాన్ని తిప్పితే పక్క గడికి వెళ్తుంది. మారతహళ్లిలోని మా గదిలో, మౌస్ ముట్టకుండా, బెంగళూరు విమానాశ్రయపు సంకేతం వీఓబీఎల్‌ను అక్షరం తరువాత అక్షరంగా ఎక్కించినప్పుడు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు. కొనేవారు ఒక్కటి చూసుకోండి: నావిగేషన్ డేటా (విమానాశ్రయాలు, మార్గాల వివరాలు) 28 రోజులకొకసారి మారుతుంది, తాజాది కావాలంటే ఆ ఖర్చు వేరు.