అప్‌డేట్: ఫిల్లింగ్ పక్కన కాంటాక్ట్ ఇప్పుడు బిగుతుగా వస్తోంది

దవడ పళ్ల పక్కభాగంలో కాంపోజిట్ (పంటి రంగులో ఉండే రెసిన్) ఫిల్లింగ్ చేస్తే కాంటాక్ట్ (పక్క పంటిని తాకే చోటు) వదులుగా వస్తోందని, తిన్నది ఇరుక్కుంటోందని పేషెంట్లు తిరిగొస్తున్నారని ఇదివరకు అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

ఫిల్లింగ్‌కు అచ్చులా పంటి చుట్టూ చుట్టే బ్యాండ్ పక్కనపెట్టి, ముందే వంపు తిరిగి ఉండే సెక్షనల్ మ్యాట్రిక్స్ (పంటికి ఒక పక్కనే పెట్టే పల్చటి రేకు), దాన్ని పట్టి ఉంచే స్ప్రింగ్‌లాంటి రింగ్ వాడుతున్నాను. అసలు కథంతా రింగ్‌దే. అమాల్గమ్‌ను (వెండి రంగు లోహపు ఫిల్లింగ్) గట్టిగా కూరితే ఆ ఒత్తిడే బ్యాండ్‌ను పక్క పంటి మీదికి నెట్టేది. కాంపోజిట్‌కు అంత సీన్ లేదు, పైగా గట్టిపడేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది. రింగ్ రెండు పళ్లనూ కొద్దిగా ఎడం చేసి పట్టుకుంటుంది. తీసేయగానే అవి మళ్లీ దగ్గరకొచ్చి, మ్యాట్రిక్స్ మందం వల్ల మిగిలిన సందును మూసేస్తాయి.

డ్రిల్లింగ్‌కు ముందే వెడ్జ్ (పళ్ల సందులో దూర్చే చిన్న ముక్క) పెట్టమన్న సలహా కూడా బాగా పనికొచ్చింది. కానీ వెడ్జ్ సైజు చూసుకోవాలి. అది చిగురు దగ్గరి అంచును మూస్తే చాలు. మరీ ఎత్తుగా ఉంటే మ్యాట్రిక్స్‌ను లోపలికి నొక్కి, వంపంతా చదును చేసేస్తుంది. ఫిల్లింగ్ వేసేముందు బర్నిషర్‌తో (నున్నటి మొన ఉన్న పరికరం) మ్యాట్రిక్స్‌ను పక్క పంటికి ఆనేలా రుద్దుతున్నాను.

ఇప్పుడు ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే దారం) టక్కున దిగుతోంది, పోగులు లేవకుండా బయటికొస్తోంది. పంటి గోడ బాగా విరిగిపోయిన కేసుల్లో మాత్రం రింగ్ కాలు గుంతలోకి జారుతోంది. అలాంటివాటికి ఏం చేస్తున్నారో చెప్పండి.