వరద సాయం, సువార్త బృందం ఒకే బండిలో వెళ్లాలా?

డాలస్ కోశాధికారి:
మాది డాలస్‌లోని చిన్న తెలుగు బాప్టిస్టు సంఘం. ఎక్కువ మందిమి ఒంగోలు, గుంటూరు, ఖమ్మం వైపు నుంచి వచ్చినవాళ్లం. మాకు సువార్త కమిటీ వేరు, సహాయ కమిటీ వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు రెండు కమిటీలూ విడివిడిగా చందాలు ఎత్తి, విడివిడిగా పంపాయి. ఒక వీధికి రెండుసార్లు బియ్యం అందింది. పక్క వీధికి ఒక్కసారి కూడా అందలేదు. ఈ తప్పు మళ్లీ జరగకూడదని ఇప్పుడు ఒక ప్రతిపాదన వచ్చింది. ఆపద వస్తే ఖాతా ఒకటే ఉండాలి, బృందం ఒకటే ఉండాలి, అన్నం పంచేవాళ్లే వాక్యమూ చెప్పాలి అని. వచ్చే నెల ఓటు. నేను ఇంకా ఎటూ తేల్చుకోలేదు.

మార్త:
ఒకటిగానే వెళ్లాలి. బట్టలు లేక, ఆ పూట తిండి లేక ఉన్నవాడితో సమాధానముగా వెళ్లమని చెప్పి ఏమీ ఇవ్వకపోతే ఏమి ప్రయోజనం అని బైబిలులో యాకోబు అడిగాడు. అన్నం పెట్టి ఆ అన్నం ఎవరి ప్రేమ వల్ల వచ్చిందో దాచడం కూడా నాకు అంతే లోటుగా కనిపిస్తుంది. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో పనులు విడదీశారు కదా అని ఎవరో ఒకరు అంటారు. విధవరాండ్రకు రోజూ ఆహారం పంచడానికి ఏడుగురిని ఏర్పరచిన మాట నిజమే. కానీ ఆ ఏడుగురిలో స్తెఫను బోధించి ప్రాణమిచ్చాడు, ఫిలిప్పు సమరయకు వెళ్లి ప్రకటించాడు. వడ్డించే చెయ్యి ఉన్నంత మాత్రాన నోరు కట్టేసుకోలేదు.

పాత ఒంగోలు:
కోశాధికారి గారూ, ఈ ప్రశ్న మీ వాళ్ల ఊళ్లోనే సుమారు నూట యాభై ఏళ్ల కిందట వచ్చింది. ధాత కరువు, 1876–78. ఆకలితో ఉన్నవాళ్లకు ప్రభుత్వం కూలి పనులు పెట్టింది. మద్రాసు వైపు వెళ్లే బకింగ్‌హామ్ కాలువ తవ్వకం అందులో ఒకటి. ఆ పనుల్లో మాదిగలను హీనంగా చూస్తున్నారని తెలిసి, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మూడున్నర మైళ్ల కాలువ తవ్వే కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. అమెరికాలో సర్వే పని నేర్చినవాడు కాబట్టి చేయగలిగాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పగలు మట్టి కొలిచినవాళ్లే తవ్వేవాళ్ల మధ్య కూర్చుని, "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి" అనే వాక్యం చెప్పేవారు. మార్త గారు కోరే కలయిక ఇక్కడ ఉంది.

ఇంకో సగం చూడండి. ఆ కరువులో ఎందరో బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. సుమారు పదిహేను నెలలు ఆపాడు. కరువు సాయం ముగిశాక, ఇక కూలీ లేదు, సొమ్మూ లేదు అని చెప్పిన తర్వాతే ఒప్పుకున్నాడు. వచ్చినవాళ్లు తమ చేతుల బొబ్బలు చూపించి, కష్టపడి బ్రతికామనీ, ఇకమీదా అలాగే బ్రతుకుతామనీ, సాయం అడగడం లేదనీ అన్నారట. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్లలో దిగారు. ఒక జత అలిసిపోతే ఇంకో జత. ఆ అంకెను మనం గొప్పగా చెప్పుకుంటాం. నాకు ఆ పదిహేను నెలలే అంతకంటే గొప్పవి. మీ ప్రతిపాదనలో అవి ఎక్కడ ఉన్నాయి?

గుండ్లకమ్మ:
ఆ చరిత్ర మా ఇంటి చరిత్ర కూడా, అందుకే ఒక మాట చేర్చాలి. "గంజి కోసం మారారు" అని మా పెద్దలను చాలామంది తేలిక చేశారు. యెర్రగుంట్ల పేరయ్య కరువుకు దాదాపు పదేళ్ల ముందే తనంతట తాను ఈ మార్గం వెతుక్కుంటూ వచ్చి, ఊరూరా తిరిగి మా వాళ్లకు చెప్పాడు. కాలువ దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి ఆ మాట ముందే తెలుసు. కాబట్టి క్లౌ ఆపడం మంచిదే అయినా, ఆకలిగా ఉన్నవాడికి తన మనసు తనకు తెలియదు అనే లెక్కలో మాట్లాడకండి. తెలుసు. కాకపోతే ఆ మనసును బయటివాళ్లు నమ్మాలంటే, కూలి ఇచ్చే చెయ్యి కొంతకాలం పక్కకు తప్పుకోవాలి. ఆ గడువు మా పెద్దల గౌరవానికీ కాపలా అయింది.

సింగ్‌నగర్ మూడో అంతస్తు:
నేను సంఘ సభ్యుణ్ణి కాను, క్రైస్తవుణ్ణి కూడా కాను. ఆ వరదలో కుటుంబంతో మేడ మీద ఉన్నాను. కింద అంతస్తు మునిగింది. మూడో రోజు ఒక పడవ వచ్చింది. తాడుకు కట్టిన బకెట్టు కిందికి వదిలితే పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు వేశారు. వాటితో పాటు ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా మడిచిన ఒక కరపత్రం ఉంది. మా అమ్మ పొట్లాలన్నీ పంచి, ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టింది. ఎందుకమ్మా అంటే, "పారేస్తే చూస్తారేమో, రేపు పడవ రాకపోతే?" అంది. ఆ పడవలోని కుర్రాళ్లు నడుము లోతు నీళ్లలో దిగి ముసలివాళ్లను మోశారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, ఇప్పటికీ కృతజ్ఞతే. కానీ అమ్మ మొహంలో ఆ భయం నేను చూశాను. మీ ఓటుకు ముందు ఇది మీకు తెలియాలి.

లెక్కల మనిషి:
చట్టం సంగతి. ఒకే ఖాతా అనుకున్నంత సులభం కాదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 కింద నమోదైన సంస్థ, లేదా ముందస్తు అనుమతి పొందిన సంస్థ మాత్రమే విదేశాల నుంచి వచ్చే విరాళం తీసుకోగలదు. అది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత తీసుకున్న సంస్థ దానిని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అంటే సువార్త భాగస్వామికి పంపి, అక్కడి నుంచి సహాయ సంస్థకు మళ్లించే దారి మూసుకుపోయింది. భారత పౌరసత్వం ఉన్నవాళ్లు సొంత పొదుపు నుంచి పంపేది దీని కిందికి రాదు, అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లది వస్తుంది. మీ సభ్యుల్లో ఎవరెవరో ముందు చూసుకోండి. ఏ పనికి అని చెప్పి తీసుకున్నారో ఆ పనికే ఖర్చు పెట్టాలి.

మార్త:
సింగ్‌నగర్ అన్నయ్య గారూ, మీ అమ్మగారి మాట చదివాక నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. కరపత్రం పొట్లంలో పెట్టడం తప్పు, ఒప్పుకుంటున్నాను. కానీ అడిగినవాడికి కూడా జవాబు చెప్పకూడదంటే ఒప్పుకోలేను. ఆ పడవ కుర్రాణ్ణి "నువ్వు ఎందుకు వచ్చావు బాబూ?" అని ఎవరైనా అడిగితే, అతను అబద్ధం చెప్పాలా?

పాత ఒంగోలు:
అక్కర్లేదమ్మా. అడిగితే చెప్పాలి. 2005లో పోప్ బెనెడిక్ట్ తన మొదటి విశ్వలేఖలో రాసింది కూడా ఇదే: ప్రేమతో చేసే సేవను మతంలోకి తేవడానికి సాధనంగా వాడకూడదు, అలాగని దేవుణ్ణీ క్రీస్తునూ పక్కన పెట్టనూ అక్కర్లేదు, ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు ఊరుకోవాలో క్రైస్తవుడికి తెలియాలి అని.

డాలస్ కోశాధికారి:
అందరికీ కృతజ్ఞతలు. ప్రతిపాదనను ఇలా మార్చి రాశాను. ఖాతాలు వేరుగానే ఉంటాయి. వీధుల జాబితా మాత్రం ఒక్కటే, రెండు కమిటీలూ కలిసి తయారు చేస్తాయి, స్థానిక పాస్టరు గారు సరిచూస్తారు. ఆయన సంఘంలోని యువకులు బస్తాలు మోయవచ్చు. పొట్లంలో కాగితం ఉండదు. సాయం జరుగుతున్న వీధిలో సాయం ముగిసేదాకా, ఆ తర్వాత ఆరు నెలలు, సువార్త కూటాలు పెట్టకూడదు. ఆరు నెలలు ఎక్కువని సువార్త కమిటీ అంటోంది.

గుండ్లకమ్మ:
క్లౌ పదిహేను ఆగాడని వాళ్లకు చెప్పండి.