క్రిస్మస్ రాత్రి జాషువా ట్రీ ఎడారిలో కయోటీల ఊళలు: అవి నిజంగా ఎన్ని ఉండి ఉంటాయి?

ప్రశ్న: మొహావీ_యాత్రికుడు

క్రిస్మస్ సెలవులకు మేము కుటుంబంతో సహా దక్షిణ కాలిఫోర్నియాలో జాషువా ట్రీ నేషనల్ పార్క్ పక్కన ఒక అద్దె ఇంట్లో దిగాము. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు కూడా మాతో ఉన్నారు. పండుగ రాత్రి భోజనాలయ్యాక పిల్లలు దుప్పట్లు కప్పుకుని వరండాలో కూర్చుని నక్షత్రాలు చూస్తున్నారు. గాలి బొత్తిగా లేదు, చలి మాత్రం ఎముకలు కొరుకుతోంది. ఆ సమయంలో రాళ్ల గుట్టల వైపు నుంచి మొదట రెండు మూడు పొట్టి అరుపులు, వాటి వెంటనే సన్నగా పైకి సాగిన ఒక ఊళ వినిపించాయి. అది పూర్తికాకముందే మరికొన్ని గొంతులు కలిశాయి. కీచుమనేవి, వణికేవి, మధ్యలో విరిగి మళ్లీ పైకి లేచేవి కలగలిసి, ఒక పెద్ద గుంపు మా ఇంటిని చుట్టుముట్టిందా అన్నట్టు అనిపించింది. ఎంత హఠాత్తుగా మొదలైందో అంత హఠాత్తుగానే ఆగిపోయింది.

మా చిన్నవాడు ఉత్సాహం పట్టలేక తిరిగి ఊళ వేశాడు. అత్తగారు వాడిని కసిరి, నక్కలు కూసిన ఇంట్లో రాత్రిపూట బయట కూర్చోకూడదని అందరినీ లోపలికి పంపించారు. ఆ గుంపులో ఎన్ని కయోటీలు (తోడేలుకు దగ్గరి బంధువులైన, నక్కను పోలిన అమెరికా అడవి జంతువులు) ఉండి ఉంటాయో, అవి వేట దొరికినందుకు అలా అరుస్తాయో, మరేదైనా కారణం ఉందో తెలిసినవారు చెప్పగలరు. మా వద్ద ఒక చిన్న కుక్క కూడా ఉన్నందున, ఇలాంటి చోట రాత్రి బయట కూర్చుని వినడం క్షేమమేనా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

జవాబు: ఫ్లాగ్‌స్టాఫ్_నివాసి

మీరు విన్నది బహుశా ఒకే కుటుంబం అయి ఉంటుంది. కయోటీలు సాధారణంగా ఒక జంట, ఆ జంటతోనే ఉండిపోయిన ఎదిగిన పిల్లలు కలిసి ఒక హద్దులో జీవిస్తాయి. రెండే గొంతులు కలిసినా వినేవారికి అరడజను ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. ప్రతి కయోటీ తన గొంతును ఒక్క క్షణం కూడా ఒకే స్థాయిలో నిలపకుండా పైకీ కిందికీ విసురుతూ, ఊళ మధ్యలో కీచులూ పొట్టి మొరుగులూ దూరుస్తుంది కాబట్టి, ఏ ధ్వని ఏ జంతువుదో చెవి విడదీయలేదు. పైగా మీరున్న చోట గ్రానైట్ జాతి బండరాళ్ల గుట్టలు చుట్టూ ఉంటాయి. వాటిని తాకి తిరిగివచ్చిన ధ్వని మరో దిక్కు నుంచి మరో గుంపు జవాబిచ్చినట్టు వినిపిస్తుంది. చుట్టుముట్టినట్టు మీకు అనిపించడానికి అదే ప్రధాన కారణమని నా అభిప్రాయం.

వేట దొరికినందుకు పండుగ చేసుకుంటాయన్నది జనంలో బాగా నాటుకుపోయిన మాటే అయినా, అది నమ్మదగినది కాదు. దొరికిన కుందేలును దక్కించుకోవాలనుకునే జంతువు, పక్క హద్దులోని పోటీదారులను కేకేసి పిలుచుకోదు. ఈ ఊళలకు సాధారణంగా ఉండే పనులు రెండు: వేటకు విడిపోయిన సభ్యులు మళ్లీ కలుసుకోవడం, ఈ నేల మాదని పొరుగు కుటుంబాలకు చాటడం. ఫిలిప్ లేనర్ అనే శాస్త్రవేత్త 1978లో కయోటీల ధ్వనులను 11 రకాలుగా వర్గీకరించారు. ఒంటరి ఊళ, గుంపుగా కలిసి కీచుతూ వేసే ఊళ వాటిలో వేర్వేరు రకాలు. మీరు విన్నది రెండోది.

శీతాకాలపు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కయోటీలు జనవరి నుంచి మార్చి మధ్యలో జతకడతాయి, సుమారు 63 రోజుల గర్భం తరువాత వసంతంలో పిల్లలు పుడతాయి. కాబట్టి డిసెంబరు చివరికి జంటలు హద్దుల విషయంలో చురుకుగా ఉంటాయి, ఆ ఏడాది పిల్లల్లో కొన్ని ఇల్లు విడిచి కొత్త చోటు వెతుక్కుంటూ తిరుగుతుంటాయి. వాతావరణం కూడా తోడ్పడుతుంది. మబ్బులేని, గాలి లేని చలిరాత్రి నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి పైనున్న గాలి కంటే చల్లగా మారుతుంది. చల్లని గాలిలో ధ్వని నెమ్మదిగా సాగుతుంది కాబట్టి, పైకి పోవలసిన ధ్వని తరంగాలు కిందికి వంగి నేల వెంబడి చాలా దూరం ప్రయాణిస్తాయి. వేసవిలో వినబడని గుంపు డిసెంబరులో పెరట్లోనే ఉన్నట్టు అనిపించడం ఇందువల్లే.

ఇంకొక మాట. మా ఇంటికి దూరం కాని నవాహో అనే అమెరికా మూలవాసి ప్రజలు కయోటీ కథలను శీతాకాలంలోనే చెప్పుకుంటారు. మొదటి మంచు కురిసే రోజుల నుంచి మొదటి ఉరుము వినబడేదాకా మాత్రమే వాటికి సమయమని వారి నియమం. ఆ కథల్లో కయోటీ తెలివిగలది, తుంటరి, ఒక్కోసారి తన తెలివికి తానే బలయ్యేది. మీ పిల్లలు ఆ ఊళలు వినడానికి సరైన కాలంలోనే వెళ్లారు.

జవాబు: చికాగో_తెలుగింటివాడు

పై వివరణతో ఏకీభవిస్తూనే, క్షేమం విషయంలో కొంత జాగ్రత్తగా మాట్లాడుకోవాలని అనుకుంటున్నాను. కయోటీ అంటే ఎడారి జంతువని మనకు అనిపిస్తుంది గానీ, తోడేళ్లను మనుషులు తుడిచిపెట్టిన తరువాత అది ఖండమంతా వ్యాపించి, ఇప్పుడు అలాస్కా నుంచి పనామా దాకా ఉంది. చికాగో ఉన్న కుక్ కౌంటీలో 2000 నుంచి వీటికి రేడియో పట్టీలు కట్టి అధ్యయనం చేస్తున్నారు. అక్కడ రెండు వందలకు పైగా కయోటీల జన్యువులను పరీక్షించి 2012లో ప్రచురించిన ఫలితాల్లో, జంట ఒకరికొకరు కట్టుబడి ఉండడం తప్ప వేరే సంబంధాల జాడే కనిపించలేదు. 2007లో ఒక కయోటీ నగరం నడిబొడ్డున శాండ్‌విచ్ దుకాణంలోకి నడిచి వచ్చి, శీతల పానీయాల అరలో పడుకుంది. అది ఎవరినీ ఏమీ చేయలేదు, ఫోటోలు మాత్రం అన్ని పత్రికల్లోనూ వచ్చాయి.

మనుషులపై దాడులు అరుదు. ప్రాణం పోయిన ఘటనలుగా నమోదైనవి రెండే: 1981లో కాలిఫోర్నియాలో ఒక మూడేళ్ల పాప, 2009లో కెనడాలోని నోవా స్కోషియాలో ఒక యువతి. కానీ చిన్న కుక్కల విషయం వేరు. పది పౌండ్ల కుక్క కయోటీ కంటికి ఆహారం కావచ్చు, జతకట్టే కాలంలో తన హద్దులోకి వచ్చిన పోటీదారు కూడా కావచ్చు. నేషనల్ పార్కుల్లో కుక్క పట్టీ ఆరు అడుగులకు మించకూడదన్న నియమాన్ని మీ అద్దె ఇంటి పెరట్లోనూ పాటించండి. రాత్రి దాన్ని ఒంటరిగా బయటకు వదలకండి, మిగిలిన అన్నమూ కుక్క తిండీ వరండాలో ఉంచకండి. కయోటీ ఎదురైతే పరుగెత్తకుండా, చేతులు పైకెత్తి గట్టిగా అరుస్తూ దాని కళ్లలోకి చూస్తూ వెనక్కి జరగాలి. అది వెళ్లకపోతే దాని వైపు రాళ్లు విసరడానికీ వెనుకాడవద్దు. మనిషిని చూసి భయపడడం మరిచిన కయోటీకి చివరికి తుపాకీ గుండే దిక్కవుతుంది. దానికి దయతో పెట్టిన ఎముకే దాని చావుకు కారణమవుతుందని మా వీధిలో ఎంత చెప్పినా కొందరికి ఎక్కదు.

జవాబు: కోరింగ_మడతీరం

మీ అత్తగారు నక్కలు అనడంలో ఆశ్చర్యం లేదు. మన బంగారు నక్కా ఈ కయోటీ ఒకే ప్రజాతికి చెందినవి, తోడేలూ కుక్కా కూడా అందులోవే. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల అంచున పెరిగిన నాకు, చీకటి పడే వేళ ఒక నక్క ఎత్తుకోగానే కాలువకు అవతలి జంట అందుకోవడం, ఆ వెనుక ఊరి కుక్కలన్నీ లేవడం బాగా పరిచయం. నక్కలు కూడా జంటగా, పిల్లలతో హద్దు కట్టుకుని బతికేవే. కాబట్టి ఆమె చెవి సరిగ్గానే పోల్చుకుంది. అపశకునమన్న భయానికి మాత్రం మన భాషలోనే విరుగుడు ఉంది: అదృష్టం కలిసొచ్చినవాడిని నక్క తోక తొక్కి వచ్చాడనే కదా అంటాము! ఆమెకు ఈ మాట గుర్తుచేసి చూడండి.

మొహావీ_యాత్రికుడు

అందరికీ ధన్యవాదాలు. నక్క తోక మాటకు అత్తగారు నవ్వారు గానీ, వరండా తలుపు మాత్రం తీయనివ్వలేదు. మా చిన్నవాడు ఊళ వేయగానే అవతలి అరుపులు కాసేపు ఆగి, మళ్లీ కొంచెం దూరం నుంచి వినిపించాయని చెప్పడం మరిచాను. అలా జవాబివ్వడంలో తప్పేమైనా ఉందా?

ఫ్లాగ్‌స్టాఫ్_నివాసి

ఒకసారి పిల్లవాడు చేసినదానికి బాధపడనక్కరలేదు, అయితే అలవాటు చేయకండి. కయోటీలు అంబులెన్సు సైరనుకు కూడా ఊళ వేస్తాయి కాబట్టి అవి స్పందించడంలో వింత లేదు. అయితే జతకట్టే కాలంలో కొత్త గొంతు వినబడితే హద్దులోకి ఎవరో చొరబడ్డారని భావించి, విశ్రాంతి మాని వెతుకులాటకు దిగుతాయి. యెల్లోస్టోన్ వంటి పార్కుల్లో జంతువులను కూతలతో పిలవడం చట్టరీత్యా నిషేధం. ఫోన్‌లో రికార్డు చేసిన ఊళలు వినిపించడమూ అలాంటి పనే. వినాలనుకుంటే సూర్యాస్తమయం తరువాతి గంటలోనూ తెల్లవారుజామునా లైట్లు ఆర్పి కూర్చోండి. కుక్కను లోపల ఉంచి తలుపు వేయండి, అంతవరకు మీ అత్తగారు చెప్పినదే సబబు.